కంకర కింద వీడ్ మ్యాట్: అసలు పని పరవక ముందే

ఇంటి చుట్టూ ఉన్న ఖాళీ జాగాలో తొలకరి పడగానే కలుపు మొదలవుతుంది. దసరా దాకా పీకినా తరగదు. ఆ బాధ వదిలించుకోవడానికి ఈమధ్య చాలా ఇళ్లలో నేల మీద నల్లటి వీడ్ మ్యాట్, అంటే కలుపును ఆపే పట్టా పరిచి, పైన కంకరో గులకరాళ్లో పోయిస్తున్నారు. ఒకసారి వేస్తే ఇక కలుపు మాటే ఉండదని అమ్మేవాళ్లు చెబుతారు. ఒకటి రెండేళ్లు ఆ మాట నిజమే అనిపిస్తుంది. ఆ తర్వాత రాళ్ల సందుల్లో గడ్డి చామంతి, రెడ్డివారి నానుబాలు మొలుస్తాయి. గోడ వెంట గరిక తలెత్తుతుంది. పట్టా నాసిరకమని తిట్టుకుంటారు గానీ, తప్పు చాలాసార్లు పట్టా పరవక ముందు వదిలేసిన పనిలో ఉంటుంది. ఇంకొన్నిసార్లు, పరవకూడని చోట పరచడంలో ఉంటుంది.

పట్టా పేరుతో దొరికేవన్నీ ఒకటి కావు

వీడ్ మ్యాట్ అంటే సన్నటి పాలీప్రొపిలీన్ పట్టీలను అడ్డంగా, నిలువుగా నేసిన గుడ్డ. చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు తూగుతుందో, అంటే జీఎస్ఎం ఎంతో చూసి కొంటారు. ఇంటి అవసరానికి 90 నుంచి 120 జీఎస్ఎం మధ్యది సరిపోతుంది. నేత సందుల్లోంచి నీళ్లు దిగుతాయి, గాలి ఆడుతుంది, వెలుతురు మాత్రం దాదాపుగా పోదు. కలుపును అణచేది ఆ చీకటే. ఎండను తట్టుకునేలా యూవీ మందు కలిపిన రకమా కాదా అన్నది కొనేటప్పుడే అడగాలి.

మిర్చి, టమాటా, పుచ్చ మడుల మీద రైతులు పరిచే మల్చింగ్ షీటు ఇది కాదు. అది 25, 30 మైక్రాన్ల పలచటి ప్లాస్టిక్, చుక్క నీరు దిగదు. పొలంలో షీటు కింద డ్రిప్ పైపు ఉంటుంది కాబట్టి పంటకు ఇబ్బంది లేదు. ఇంటి ఆవరణలో అదే షీటు వేసి కంకర పోస్తే వాన నీటికి దారి మూసుకుపోతుంది. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉన్న జాగా మీద 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే దాదాపు 465 లీటర్ల నీరు పడినట్టు. అది నేలలోకి దిగకపోతే గోడ పునాది పక్కనైనా నిలుస్తుంది, గేటు దాటి వీధిలోకైనా పోతుంది. వాన నీరు భూమిలోకి ఇంకాలని 2002లోనే వాల్టా చట్టం తెచ్చుకున్న ప్రాంతం మనది. సిమెంటు గచ్చు కంటే కంకర నేల మేలు అనడానికి అన్నింటికంటే పెద్ద కారణం నీరు ఇంకడమే. ప్లాస్టిక్ షీటు వేస్తే ఆ మేలు మొత్తం పోతుంది. పాత ఫ్లెక్సీ బ్యానర్లు పరిచినా జరిగేది ఇదే.

ఇల్లు కట్టగా మిగిలిన సిమెంటు సంచుల్ని విప్పి పరిచేవాళ్లూ ఉన్నారు. ఆ సంచీ పాలీప్రొపిలీన్ నేతే, నీళ్లూ కొంత దిగుతాయి. కానీ అది ఎండలో ఏళ్ల తరబడి ఉండటానికి చేసింది కాదు. రాళ్లు జరిగి ఎండ తగిలిన చోట కొద్ది కాలానికే పెళుసెక్కి, పట్టుకుంటే పొడిపొడిగా రాలుతుంది. సన్నటి తెల్ల పోగులు మట్టిలో కలిసిపోతాయి. వాటిని ఏరడం ఎవరి తరమూ కాదు. విదేశీ వీడియోల్లో చూపించే అట్టపెట్టెల ఉపాయం కూడా ఇక్కడ ఆలోచించి చేయాలి. తడి అట్ట, చీకటి, కదలని మట్టి ఒక్కచోట దొరికితే చెదలు వదలవు. గోడ పక్కనైతే ఆ పని అసలే వద్దు.

నేయకుండా ఒత్తి చేసిన, కంబళిలా ఉండే జియోటెక్స్‌టైల్ గుడ్డ ఇంకో రకం. రోడ్ల కింద వాడేది ఇదే. కారు, బైకు తిరిగే దారి కింద కంకర దిగబడకుండా ఉండాలంటే వీడ్ మ్యాట్ కంటే ఇదే నమ్మకమైనది.

నేలలో ఏ కలుపు ఉందో ముందు చూడాలి

విత్తనంతో మొలిచే కలుపును పట్టా బాగా ఆపుతుంది. గలిజేరు, ఉత్తరేణి, కుప్పింటాకు, వయ్యారిభామ వంటివి ఈ జాబితాలోకి వస్తాయి. నేలలో నిద్రపోతున్న వాటి విత్తనాలకు వెలుతురు అందక చాలామటుకు అక్కడే ఉండిపోతాయి, మొలిచినవి కూడా చీకట్లో పాలిపోయి చస్తాయి. ఇంటి జాగాలో ఇవే ఉంటే పని తేలిక.

తుంగ, గరిక ఉంటే లెక్క మారిపోతుంది. తుంగను ప్రపంచంలోనే అత్యంత మొండి కలుపుల్లో ఒకటిగా వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. ఎందుకో తెలియాలంటే తడి నేలలో ఒక తుంగ మొక్కను గడ్డపారతో మెల్లగా పెళ్లగించి చూడాలి. పైన కనిపించే మూడు పలకల కాడ కింద చిన్న గడ్డ ఉంటుంది. దాని నుంచి తీగంత సన్నటి వేరుకాడ పక్కకు పోయి గోధుమరంగు దుంపలో కలుస్తుంది, అక్కణ్నుంచి ఇంకో కాడ, ఇంకో దుంప. దుంప చిదిమితే తుంగముస్తల ఘాటు వాసన వస్తుంది. ఆకు పట్టుకుని లాగితే ఆ సన్నటి కాడ టక్కున తెగిపోతుంది, దుంప నేలలోనే ఉండిపోయి కొత్త మొలక వేస్తుంది. ఆ మొలక మొన సూదిలా ఉంటుంది. పలచటి మల్చింగ్ షీటును సునాయాసంగా పొడుచుకుని పైకి వస్తుంది. నేత గట్టిగా ఉన్న వీడ్ మ్యాట్‌ను పొడవడం కొంత కష్టం గానీ, అతుకుల సందులో, మొక్క కోసం కోసిన చోట దారి వెతుక్కుంటుంది.

గరిక పద్ధతి వేరు. అది పైకి పొడవడం కంటే పక్కకు పాకడమే ఎక్కువ. పట్టా కింద చీకట్లో కాడలు చాచుకుంటూ పోయి ఎక్కడ అంచు దొరికితే అక్కడ బయటపడుతుంది. అంతకంటే నష్టం, బయటి నుంచి కంకరలోకి పాకిన గరిక. దాని వేళ్లు పట్టా నేతలోకి దిగి అల్లుకుంటాయి. తర్వాత గరిక లాగితే పట్టా లేస్తుంది, పట్టా వదిలితే గరిక మిగులుతుంది. చివరికి రాళ్లన్నీ తోడి పట్టా మార్చడమే గతి.

వేసవి దుక్కి ఇంటి జాగాకూ వర్తిస్తుంది

పొలంలో వేసవి దుక్కులు దున్నే పద్ధతి మనకు కొత్త కాదు. ఎండలో మట్టి తిరగబడితే కలుపు వేళ్లు, పురుగుల గుడ్లు మాడిపోతాయి. కంకర పరవాలనుకునే జాగాకు ఇంతకంటే మంచి తయారీ లేదు. మార్చి చివరలోనో ఏప్రిల్‌లోనో జానెడు లోతున గడ్డపారతో తవ్వి, పెళ్లల్ని తిరగేసి ఎండకు వదలాలి. తుంగ దుంపల్లో ఎక్కువ భాగం ఆ జానెడు లోతులోనే ఉంటాయి. తడి పూర్తిగా ఆరిపోతే దుంప బతకదు. నాలుగైదు రోజులకోసారి పెళ్లలు పగలగొట్టి, మళ్లీ తిరగేసి, కనిపించిన దుంపల్నీ గరిక కాడల్నీ ఏరి పారేయాలి. వాటిని కంపోస్టు గుంతలో వేస్తే ఎరువుతో పాటు మళ్లీ మొక్కల దగ్గరికే చేరతాయి.

కూలీకి చెప్పి పైపైన చెక్కించి చేయి దులుపుకునేది ఇక్కడే. నేల శుభ్రంగా కనబడుతుంది, దుంపలు మాత్రం కిందే ఉంటాయి. పట్టా మీద పెట్టే డబ్బులో కొంత తగ్గించుకుని అయినా ఈ తవ్వకం మీద పెట్టడం మంచిది. చవక పట్టా కింద శుభ్రమైన నేల, ఖరీదైన పట్టా కింద తుంగ నిండిన నేల, ఈ రెండింటిలో మొదటిదే ఎక్కువ కాలం నిలుస్తుంది.

మే నెల ఎండను ఇంకో రకంగానూ వాడుకోవచ్చు. తవ్విన నేలను చదును చేసి, బాగా తడిపి, పారదర్శకమైన పలచటి ప్లాస్టిక్ షీటును గాలి దూరకుండా బిగించి, అంచులు మట్టిలో పూడ్చి నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచాలి. లోపల పైమట్టి వేడి 50 డిగ్రీలు దాటుతుంది. ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు 1970ల్లో ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతిని పటాన్‌చెరు పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో 1980ల్లో కంది, శనగ ఎండు తెగులు మీద పరీక్షించారు. కలుపు విత్తనాలను ఇది బాగా చంపుతుంది. షీటు పారదర్శకంగా ఉండటం ముఖ్యం. నల్ల షీటు వేడిని తానే పీల్చుకుంటుంది, కింది మట్టికి అంత అందదు. లోతున ఉన్న తుంగ దుంపల్ని మాత్రం ఈ వేడి పూర్తిగా చంపలేదు. కాబట్టి తవ్వి ఏరే పనికి ఇది తోడే అవుతుంది, ఆ పని మానేయడానికి సాకు కాకూడదు.

ఎండాకాలం చేజారితే జూన్ తొలి వానల్ని వాడుకోవచ్చు. చదును చేసిన నేలలో కలుపు మొలవనిచ్చి, రెండు మూడాకుల దశలో పైపైన చెక్కేసి, మళ్లీ తడిపి రెండో విడత మొలకల్నీ చెక్కేస్తే పైపొరలోని విత్తనాల్లో చాలా భాగం ఖర్చయిపోతుంది. ఇంత శ్రమ ఎందుకు, గడ్డి మందు కొడితే పోలా అనే సలహా ఎవరో ఒకరు ఇస్తారు. ఆ మందుల్లో ఒకటైన గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారా తప్ప వాడకూడదని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది. పిల్లలు తిరిగే, కూరగాయలు పెరిగే ఆవరణలో గడ్డపారతో అయ్యే పనికి దాన్ని తేవాల్సిన అవసరం లేదు.

మట్టం, అంచు, రాయి

నేల సిద్ధమయ్యాక వాలు చూసుకోవాలి. ఇంటి గోడ వైపు నుంచి బయటికి ప్రతి ఎనిమిది అడుగులకూ కనీసం అంగుళం వాలు ఉండాలి. నీళ్లు దిగే పట్టా వేసినా పెద్ద వానలో అంత నీరూ ఒక్కసారే దిగదు. వాలు సరిచూశాక దిమ్మిసతో కొట్టాలి. గుల్లగా వదిలేస్తే మొదటి వానాకాలానికే గుంటలు పడి కంకర అలలు తేలుతుంది.

నల్లరేగడిలో ఇల్లు కట్టుకున్నవాళ్లకు వీడ్ మ్యాట్ చేసే అసలు మేలు కలుపు ఆపడం కంటే మట్టినీ రాయినీ విడదీసి ఉంచడం. వేసవిలో ఆ నేల వేలు దూరేంత పగుళ్లు తీస్తుంది, వానకు ఉబ్బి జిగట బురదవుతుంది. పట్టా లేకుండా కంకర పోస్తే రాళ్లు పగుళ్లలోకి దిగిపోతాయి, బురద పైకి వస్తుంది. రెండు మూడేళ్లలో కంకర ఎటు పోయిందో తెలియదు. పట్టా కింద రెండంగుళాల క్రషర్ డస్ట్ పరిచి తడిపి కొడితే ఇంకా మంచిది. ఎర్ర నేలల్లో ఈ బెడద తక్కువ.

పట్టా ముక్కలు ఒకదాని మీద ఒకటి కనీసం ఆరంగుళాలు ఎక్కాలి, వాలుకు పైనున్న ముక్క కింది ముక్క మీదకు రావాలి. అంచుల్ని నాలుగంగుళాల లోతున మట్టిలోకి మడిచి పూడ్చాలి. కోసిన చోట నేత పోగులు ఊడతాయి. కొవ్వొత్తి మంటతోనో వేడి చేసిన కత్తితోనో అంచు కాల్చి అతికిస్తే ఆగుతాయి. యు ఆకారపు ఇనుప మేకులు అడుగున్నరకొకటి కొట్టాలి. అంచు లేచి ఉన్న చోటే ముందు గరిక, ఆ తర్వాత తేళ్లూ జెర్రులూ చేరతాయి. రాళ్లంటే తేళ్లొస్తాయని పెద్దవాళ్లు భయపడేది ఊరికే కాదు. అయితే వాటికి కావాల్సింది కదలని పెద్ద రాయి కింద చీకటి సందు. రెండు మూడంగుళాల మందాన పరిచిన 20 ఎంఎం కంకరలో అంత చోటు దొరకదు, లేచిన పట్టా అంచు కింద దొరుకుతుంది.

కంకర జారిపోకుండా చుట్టూ కట్టు ఉండాలి. ఇటుక నిలువుగా పాతడం మామూలు పద్ధతి. తాండూరు బండల ముక్కలో, కడప బండల ముక్కలో నిలబెట్టి పాతితే ఇటుక కంటే ఎక్కువ కాలం ఉంటాయి. అవి నేల లోపలికి జానెడు దిగితే బయటి గరికకు గోడ కట్టినట్టే.

రాళ్ల పరిమాణం విషయంలో తొందర వద్దు. 6 ఎంఎం చిప్స్ చూడటానికి బాగుంటాయి గానీ చెప్పుల సందుల్లో ఇరుక్కుని ఇంట్లోకి వస్తాయి, పిల్లులు వాటిని మరుగుదొడ్డిగా వాడుకుంటాయి. 40 ఎంఎం మీద నడవలేరు. నడిచే చోటికి 20 ఎంఎం, కేవలం అందానికైతే గులకరాళ్లు. మొరం మాత్రం వద్దు. అందులోని మట్టే కలుపుకు మడి అవుతుంది. మందం రెండంగుళాలకు తగ్గితే సందుల్లోంచి ఎండ పట్టాను తాకుతుంది, నాలుగు దాటితే నడక కష్టం. మూడంగుళాల మందానికి వంద చదరపు అడుగులకు 25 ఘనపుటడుగుల కంకర, అంటే దాదాపు టన్ను కావాలి. మేడ మీద తోటలకు ఈ పద్ధతి ఎందుకు తగదో ఈ బరువే చెబుతుంది.

క్రషర్ నుంచి వచ్చిన కంకరకు రాతి పొడి అంటుకుని ఉంటుంది. పట్టా మీద పోశాక పైపుతో కడిగితే ఆ పొడంతా కిందికి దిగి నేత సందుల్ని పూడ్చేస్తుంది. పక్కన కుప్ప పోసి కడిగి, ఆ తర్వాతే పరవాలి. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కొత్త కంకర మీద నీళ్లు నిలవడానికి చాలాసార్లు కారణం ఇదే.

తెల్లటి పాలరాతి చిప్స్ మీద మోజు ఎక్కువ. మే నెల మధ్యాహ్నం వాటి తళుకు కళ్లకు కొడుతుంది, రెండు వానాకాలాలకు పాచి, దుమ్ము పట్టి రంగు మారుతుంది. పైగా పాలరాయి సున్నపు జాతి రాయి. బోరు నీళ్లు ఇప్పటికే చవుడుగా ఉన్న చోట మొక్కల మొదళ్లలో అది పోస్తే నేల క్షారగుణం ఇంకొంచెం పెరుగుతుంది. ముందుగా చెప్పేది నూరువరహాల మొక్క. లేత ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. అది ఇనుము అందని గుర్తు. అటువంటి మొక్కల దగ్గర గ్రానైట్ కంకర వాడితే ఈ చిక్కు రాదు.

ఎక్కడ పరవకూడదు

రాయి నేలను కప్పితే తేమ నిలుస్తుందన్నది పాత జ్ఞానమే. చైనాలోని గాన్సూ ప్రాంతంలో వాన చాలని పొలాల మీద గులకరాళ్లూ ఇసుకా పరిచి శతాబ్దాలుగా పుచ్చకాయలు పండిస్తున్నారు. స్పెయిన్‌కు చెందిన లాంజరోటే దీవిలో 1730 నుంచి 1736 దాకా అగ్నిపర్వతం కక్కిన నల్లరాతి పొడి కిందే ద్రాక్ష తోటలు పెరుగుతున్నాయి. అక్కడ రాయికీ మట్టికీ మధ్య ప్లాస్టిక్ గుడ్డ లేదన్నది గమనించాలి. రాయి నేరుగా నేలను కప్పుతుంది, మొక్క వేరు నేలలో స్వేచ్ఛగా తిరుగుతుంది. వాళ్లకైనా దశాబ్దాలు గడిచేకొద్దీ రాళ్లలో మట్టి చేరి గుణం తగ్గుతుంది, మళ్లీ పరుచుకోవాల్సి వస్తుంది.

పట్టా వేసిన నేలకు ఆకు రాలి కుళ్లి ఎరువవడం ఉండదు. వానపాములు పైకి వచ్చి ఆకులు లాక్కుపోవడం ఆగిపోతుంది. నడిచే దారికీ, ఏసీ యంత్రాల పక్కనా, కాంపౌండు గోడ వెంట సన్నటి పట్టీలోనూ అది లోటేమీ కాదు, అక్కడ నేలను పోషించాల్సిన పని లేదు. కూరగాయల మడికీ, మల్లె, మందార పాదులకూ, మామిడి, జామ చెట్ల కిందా మాత్రం పట్టా నష్టమే. అక్కడ ఎండుటాకులు, వరిగడ్డి, వేరుశనగ పొట్టు, కొబ్బరి పీచు పరిస్తే కలుపూ తగ్గుతుంది, ఏడాది తిరిగేసరికి మట్టీ బాగుపడుతుంది.

పెరట్లో అరటి ఉంటే దాని చుట్టూ పట్టా ఆలోచనే వద్దు, పిలకలు గుడారంలా లేపేస్తాయి. కరివేపాకు వేరు పిలకలు మొదటికి దూరంగా ఎక్కడో పొడుచుకొస్తాయి. నిమ్మ మొదలు చుట్టూ తడి రాళ్లు చేరితే బంక తెగులుకు పిలిచి చోటిచ్చినట్టే, కాండానికి కనీసం రెండడుగుల దూరం వదలాలి. కాగితప్పూలు, దేవగన్నేరు, కలబంద వంటివి రాళ్ల మధ్య హాయిగా పెరుగుతాయి. ఎండకు కాగిన కంకర రాత్రి దాకా వేడి వదులుతూనే ఉంటుంది, వాటికి అది లెక్క కాదు. పడక గది కిటికీ కింద పరిస్తే మాత్రం మనుషులకు లెక్కే.

వాకిలిని కూడా వదిలేయాలి. కంకర మీద కళ్లాపి చల్లలేరు, ముగ్గు వేయలేరు. కొత్త ఇంటి నక్షాలో ఇది గుర్తుకు రాక, గృహప్రవేశం అయ్యాక గేటు ముందు కంకర తవ్వించి బండలు వేయించుకునేవాళ్లు ఉంటారు.

వేశాక ఏళ్లు గడిచేకొద్దీ

మూడో ఏట మొలిచే కలుపు చాలావరకు కింది నుంచి వచ్చింది కాదు. గాలికి వచ్చిన దుమ్ము, చీమలు మోసిన మట్టి, రాలి పొడైన ఆకులు రాళ్ల మధ్య చేరి పట్టా మీద పలచటి మట్టి పొర కడతాయి. గడ్డి చామంతి, జిల్లేడు విత్తనాలు గాలికే వస్తాయి, రావి విత్తనం పక్షి రెట్టలో వస్తుంది. రావి మొలకను గోరంత ఉన్నప్పుడే తీసేయాలి, వేరు పట్టాలోకి దిగాక ఊడదు. ఈ పొర ఎంత త్వరగా కడుతుందన్నది పైనున్న చెట్టును బట్టి ఉంటుంది. మామిడి, పనస ఆకులు పెద్దవి, చేత్తో ఏరవచ్చు. వేప, చింత కిందైతే కష్టం. ఫిబ్రవరి, మార్చిలో వేపాకు రాలినన్నాళ్లూ ఆ సన్నటి ఆకులు కంకర సందుల్లోకి జారిపోతాయి, చీపురుకు అందవు. ఆకు రాలే రెండు నెలలు కంకర మీద పాత షేడ్ నెట్ పరిచి, రెండు రోజులకోసారి ఎత్తి దులిపితే చాలా వరకు తప్పుతుంది. మిగతా కాలంలో కొబ్బరి ఈనెల చీపురును ఒత్తకుండా తేలిగ్గా ఆడించాలి. ఎండిన ఆకు ఎగిరి పోతుంది, రాయి కదలదు.

మొలిచిన కలుపును వాన పడిన మర్నాడు పీకితే వేరుతో సహా వస్తుంది. పూత పట్టకముందే అది జరగాలి. ఆరేడు ఏళ్లకో, కంకరలో మట్టి బాగా చేరిందనిపించినప్పుడో రాళ్లను ఒక మూల నుంచి పారతో ఎత్తి, ఇసుక జల్లించే జల్లెడ మీద వేసి, కడిగి మళ్లీ పోసుకోవచ్చు. కంకర అరగదు, మారేది పట్టా ఒక్కటే. జల్లెడ పట్టగా మిగిలిన మట్టి నల్లగా, మెత్తగా ఉంటుంది. అందులో కలుపు విత్తనాలు ఉంటాయి కాబట్టి నేరుగా కుండీల్లో వేయకుండా, తడిపి పారదర్శక షీటు కింద మే నెలంతా ఉంచి వాడుకోవాలి. పాత పట్టాను మాత్రం ముక్కలుగా చింపి లాగకూడదు. నేల తడిగా ఉన్నప్పుడు ఒక అంచు నుంచి చాపలా చుట్టుకుంటూ వస్తే పోగులు మట్టిలో మిగలవు.